హిమబిందు బియ్యం డబ్బా

కోరుట్ల,
27-2-2011, ఆదివారం.

ప్రియమైన బాపుకు,

ఊర్మిల వందనాలు. మేడిపల్లిలో అమ్మా తమ్ముడూ బాగున్నారు. ఇక్కడ నేనూ బాగున్నాననే రాయాలి కాబట్టి రాస్తున్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు. మిగతాది కింద రాస్తాను. సెలవుకు వచ్చిన దేవేందర్ అన్న బుధవారం షార్జాకు, నీ దగ్గరికే తిరిగి వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికిస్తాను.

ఫోన్‌లో ఎందుకు ఏమీ చెప్పవని అడిగావు. నువ్వు ఫోన్ చేసే వేళకు నాతో గదిలో ఉండే టీచర్ అన్నం తింటూ నా ముఖమే చూస్తుంటుంది. నాకు మాట రాదు. కాగితం మీదైతే ఎవరూ చూడరు.

సిరిసిల్ల అత్త గురించి అడిగావు. ఈ నెల మొదట్లో వెళ్ళాను. ఆ రోజు తెలంగాణ ఉద్యమానికి బస్సులు బందు. రెండు ఆటోలూ ఒక జీపూ మారి, వేములవాడలో గంటసేపు నిలబడి వెళ్ళాను. వెళ్ళింది చుట్టపుచూపుకు కాదు, తెల్లగుడ్డ కోసం. బడి గేటుకు 'శాంతి వారం' అని బ్యానర్ కట్టాలన్నారు మా హెడ్మాస్టర్ గంగాప్రసాద్ సార్. మా మామ సాంచాల మీద గుడ్డ నేస్తాడని ఎప్పుడో నోరు జారి చెప్పాను, అందుకే నన్ను పంపారు. అత్త కండెలు చుట్టడం ఆపకుండానే నవ్వింది.

"తెల్లగుడ్డనా? నేసుడు తెల్లగనే నేస్తున్నం బిడ్డా. నేసింది నేసినట్టె రంగుకు పోతున్నది. జెండాలకు, కండువలకు. ఊరంత గులాబీ. గీ ఏడు శాంతికి గుడ్డ దొరకలేదని చెప్పు మీ సారుకు."

చివరికి తన పాత దుప్పటి ఇచ్చింది. దాని మీదే రాశాం. దానికి నడుమ చిరుగుంది. గాలి వీచినప్పుడల్లా అక్షరాలు రెండుగా విడిపోతాయి. అత్త మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన బామ్ అయిపోయిందట, మళ్ళీ పంపమంది.

బడిలో ఏం చెప్తున్నావని అడిగావు. శాంతి చెప్తున్నాను బాపూ. జనవరిలో జగిత్యాలలో మాకు శిక్షణ పెట్టారు. పిల్లలకు శాంతినీ, ఇతర సంస్కృతుల మనుషుల మీద గౌరవాన్నీ ఎలా నేర్పాలో చెప్తారన్నారు. చెప్పవలసిన ఆయన హైదరాబాద్‌లో బయల్దేరి సిద్దిపేట దగ్గర రాస్తారోకోలో ఆగిపోయాడు. నలభైమందిమి సాయంత్రం దాకా కూర్చుని, తలా ఒక జిరాక్సు పుస్తకం పట్టుకుని వచ్చాం. అందులో జపాన్ పిల్లలున్నారు, ఆఫ్రికా పిల్లలున్నారు, ఎస్కిమోలున్నారు. అందరూ చేతులు పట్టుకుని నవ్వుతున్నారు. 'ఎదుటివారి చోట నిలబడి చూడండి' అని ప్రతి పేజీ అడుగునా ఉంది.

నా ఏడో తరగతిలో ఎస్కిమోల మంచు ఇళ్ళ గురించి చెప్తుంటే సతీశ్ లేచాడు.

"టీచర్, ఆంధ్రోళ్ళది గూడ వేరే సంస్కృతేనా?"

ముప్పై ఎనిమిది తలలు వెనక్కి తిరిగి హిమబిందును చూశాయి.

హిమబిందు గురించి నీకు ఇంతవరకూ రాయలేదు. వాళ్ళది కైకలూరు దగ్గర పల్లె. వాళ్ళ నాన్న అక్కడినుంచి చేపపిల్లలు తెచ్చి ఇక్కడి చెరువుల్లో వదిలే లారీకి డ్రైవర్. రెండేళ్ళుగా కోరుట్లలోనే ఉంటున్నారు. ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు, "ఏమండీ, రండీ, కూర్చోండీ" అని క్లాసంతా సాగదీసి వెక్కిరిస్తుంది. ఆమె కూడా ఊరుకోదు. "మీరు మాత్రం ఏందిరా ఏందిరా అని కాకుల్లా అరవట్లేదేంటి?" అంటుంది. ఆమె ధైర్యం నాకెప్పుడూ లేదు. జగిత్యాల కాన్వెంట్‌లో నా యాసకు తోటిపిల్లలు నవ్వినప్పుడు నేను మూడు నెలలు నోరు తెరవలేదు. తెరిచేసరికి వాళ్ళలాగే మాట్లాడుతున్నాను.

ఎస్కిమోలతో పని జరగదని తెలిసిపోయింది. పుస్తకం పక్కన పెట్టి, సోమవారం నీ ఉత్తరం తీసుకెళ్ళి చదివాను. నిన్ను అడగలేదు, కోప్పడకు. మీరంతా మూడేళ్ళు కష్టపడి కట్టిన బంగ్లా ప్రారంభం రోజున, పెద్దమనుషులు వస్తున్నారు, ఎవరూ క్యాంపు దాటి బయటికి రావద్దని మీ ఫోర్‌మన్ చెప్పాడని రాశావే, అదే. 'మంచిదే అయింది, ఒకరోజు సెలవు దొరికింది, కోడికూర వండుకున్నం' అని కింద రాశావు. ఆ ముక్కా చదివాను.

 క్లాసులో సగానికి పైగా పిల్లల తండ్రులు గల్ఫ్‌లోనే ఉన్నారు కదా.

"మా బాపు గట్ల ఎన్నడు చెప్పలే టీచర్. అంత మంచిగనే ఉన్నదంటడు" అన్నాడు సతీశ్.

"చెప్పరు గదరా" అంది సంగీత. హిమబిందు పక్కన కూర్చునే పిల్ల.

అప్పుడు హిమబిందు అడిగింది. "కట్టింది వాళ్ళే కదా టీచర్. మరి వాళ్ళనే రావద్దంటే ఎలా?"

 పాఠం ఆ పిల్లే చెప్పేసింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, నేను టీచర్‌నే అనిపించింది.

ఆ సంతోషం రెండు రోజులు. బుధవారం గంగాప్రసాద్ సార్ పిలిచారు.

"రేపు బస్టాండు ముందర వంటా వార్పు. అన్ని బళ్ళు రావాలన్నరు. మన శాంతి వారంల గిదొక ప్రాక్టికల్ అనుకో అమ్మా."

"సార్, శాంతి పాఠానికీ దీనికీ..."

"శాంతియుతంగనే గద వండుతున్నం? ఎవల్నన్న కొడుతున్నమా?"

నువ్వు వెళ్ళాక మొదలైందిది. రోడ్డు నడిమధ్యన పొయ్యిలు పెట్టి వండుతారు, అక్కడే బంతి కూర్చుని తింటారు. బండ్లన్నీ ఆగిపోతాయి. పిల్లలు తలా ఒక డబ్బా బియ్యం ఇంటినుంచి తేవాలి. నాకూ తెలంగాణ కావాలి బాపూ. నాకు పడనిది మైకు. అందులోంచి ఎప్పుడు ఎవరు ఏమంటారో తెలియదు.

ఇక, నేను ఉద్యోగం మానేస్తానన్నానని అమ్మ చెప్పిందన్నావు. అన్నమాట నిజమే. పిల్లల అల్లరి భరించలేక అని అమ్మకు చెప్పాను. అది అబద్ధం. ఇంతసేపూ ఈ ఉత్తరంలో పుస్తకం మీదా, సార్ మీదా, దుప్పటి మీదా విసుక్కున్నాను. విసుక్కోవలసింది ఎవరి మీదో ఇప్పుడు రాస్తాను.

గురువారం ఉదయం అందరికంటే ముందు వచ్చింది హిమబిందు. స్టీలు డబ్బా నిండా బియ్యం. మూత మీద వాళ్ళమ్మ పేరు చెక్కించి ఉంది. డబ్బా నా చేతికిచ్చింది. నేను తీసుకున్నాను. తీసుకుని, "నువ్వు ఇంటికి వెళ్ళిపో" అన్నాను.

"ఎందుకు టీచర్?"

"ఎండగా ఉంది."

"అందరికీ ఎండే కదండీ."

"మైకులో ఏవేవో అంటారు. నీకు బాధేస్తుంది."

"రోజూ అంటూనే ఉన్నారు కదా."

"ఇవాళ నీకు సెలవనుకో."

 "మీ నాన్నగారికి ఇచ్చినట్టే సెలవా టీచర్?" అంది. వెళ్ళిపోయింది. డబ్బా నా చేతిలోనే ఉంది. బియ్యం బడి తరఫు సంచిలో పోశాను.

పోశాను బాపూ. పిల్లను పంపేసి బియ్యం ఉంచుకున్నాను.

బస్టాండు ముందు నర్సన్న అనే ఆయన గుండిగ దగ్గర నిలబడి అందరినీ అదిలిస్తున్నాడు. గుండిగ దించి, బంతి కూర్చున్నాక సంగీత తన పక్కన ఇంకో విస్తరి వేసి, ఎగిరిపోకుండా రాయి పెట్టింది.

"టీచర్, హిమబిందు ఏది? జాగ ఆపిన."

"ఆమెకు ఒంట్లో బాగోలేదు" అన్నాను.

"పొద్దుగాల బియ్యం తెచ్చింది గద. నేను జూసిన" అన్నాడు సతీశ్.

నర్సన్న గంటె పట్టుకునే వచ్చాడు. "ఎవలు బిడ్డా?"

"ఆంధ్ర పిల్ల. మా క్లాసే."

"బియ్యం తెచ్చిన పిల్లకు బువ్వ పెట్టకపోతే ఎట్లరా? పోయి పిలుచుకరాండ్రి."

అదే నర్సన్న అరగంట ముందు మైకులో ఆంధ్రోళ్ళను ఏమన్నాడో ఇక్కడ రాయను. మనుషులు నాకు అర్థం కారు. పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. నిజంగానే ఒంట్లో బాగోలేదని మళ్ళీ చెప్పాను. సంగీత రాయి తీసేసింది. నేను తిన్నాను. ఆ అన్నంలో ఆ పిల్ల బియ్యం ఉన్నాయని తెలిసీ తిన్నాను.

ఆ పిల్ల మంచికే అలా చేశానని రెండు రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఎవరైనా ఆమెను ఒక మాటంటే నేను లేచి నిలబడి, అంతమందిలో నోరు తెరవాల్సి వస్తుంది. ఆ భయంతో పంపేశాను. పిల్లలు ఏడిపించారు, నిజమే. విస్తరి వేసింది కూడా వాళ్ళే. వద్దన్నది నేనొక్కదాన్నే.

శుక్రవారం హిమబిందు రాలేదు. శనివారం వాళ్ళమ్మ వచ్చి టీసీ అడిగింది. ఊళ్ళో నాయనమ్మ దగ్గర ఉంచి చదివిస్తారట. సార్ ఫారం నా చేతిలో పెట్టారు. "క్లాస్ టీచర్ సంతకం చెయ్యమ్మా. పోనీయ్, మనకొక తలనొప్పి తప్పుతది." పరీక్షలకు నెలరోజులు కూడా లేవు. ఫారం నా సంచిలో ఉంది. సంతకం చేస్తే ఇక ఆ పిల్ల మా బడికి రాదు.

ఇప్పుడు ఆ డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. సిగ్గుచేటు. ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను.

సాయంత్రం ఐదు దాటింది. వెళ్ళివచ్చాను.

చెరువు కట్ట కింద రెండు గదుల ఇల్లు. వాకిట్లో చేపపిల్లల ప్లాస్టిక్ డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. వాళ్ళమ్మ కుర్చీ తుడిచి వేసింది. "రండి టీచర్ గారూ, కూర్చోండి. మంచినీళ్ళు తాగండి" అంది. హిమబిందు లోపలి గదిలోంచి రాలేదు. తలుపు వెనక పావడా అంచు కనిపిస్తోంది.

రాసుకున్నదంతా మరిచిపోయాను. "తప్పు చేశానండి. ఆ రోజు రావద్దని మీ అమ్మాయిని నేనే పంపేశాను. నాకు భయమేసింది" అన్నాను.

వాళ్ళమ్మ నావైపు వింతగా చూసింది. "మీరు పంపేశారా? అది ఆ మాటే చెప్పలేదండీ. బడి నచ్చట్లేదు, ఊరెళ్ళిపోతానంది, అంతే."

చెప్పరు గదరా అన్న సంగీత మాట గుర్తొచ్చింది. డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె చేతిలోకి తీసుకుని, ఆపుకోలేక అనేసింది. "అయ్యో, ఖాళీగా తెచ్చారేంటండీ?"

అమ్మ ఎవరి గిన్నె అయినా ఏనాడన్నా ఖాళీగా తిరిగి పంపిందా బాపూ? ఏమీ లేకపోతే చారెడు చక్కెరైనా వేసి పంపుతుంది. పాతికేళ్ళు రాబోతున్నాయి నాకు. అదొక్కటీ గుర్తు రాలేదు. సంస్కృతుల పాఠం చెప్పేదాన్ని.

"అమ్మా, అది తీసుకోకు." హిమబిందు బయటికి వచ్చింది. తల్లి చేతిలోంచి డబ్బా లాక్కుని నా ఒళ్ళో పెట్టింది. "నింపి తీసుకురండి టీచర్. ఇంటికి కాదు, బళ్ళోకి. అందరి ముందూ ఇవ్వండి. ఎందుకిస్తున్నారో కూడా చెప్పండి."

"టీచర్‌తో అలాగేనా మాట్లాడేది!" అని వాళ్ళమ్మ కసిరింది.

"రేపు తెస్తాను" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ అన్నాను.

"ఏం తెస్తారు?"

"సర్వపిండి."

"సంగీత తెస్తుందే, అదా? మాడ్చకండి మరి" అని లోపలికి వెళ్ళిపోయింది. ముఖంలో నవ్వు లేదు. కానీ రానని మాత్రం అనలేదు.

గదికి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. పక్కన టీచర్ కూర్చునే ఉంది. అయినా మొత్తం చెప్పాను, సర్వపిండి ఎలా చేయాలో అడిగాను.  అంతా విని అమ్మ, "గన్ని పుస్తకాలు సదివినవ్, ఒక్కదాంట్లన్న సర్వపిండి లేదా బిడ్డా?" అంది. బియ్యప్పిండి ఎంత, పల్లీలు ఎన్ని, నువ్వులు ఎన్ని, మంట ఎంత సన్నగా పెట్టాలో ఒక్కొక్కటీ చెప్పింది. రాసుకోవడానికి చేతికి అందిన కాగితం టీసీ ఫారం. దాని వెనకవైపు రాసుకున్నాను. ఇక అది ఎవరికీ పనికిరాదు. సార్ ఏమంటారో రేపు చూద్దాం.

రేపు అంతమంది ముందు నోరు తెరవాలి. 

ఇంకొక్క మాట బాపూ. ఈసారి మిమ్మల్ని ఎక్కడికైనా రావద్దంటే, సెలవు దొరికిందని నాకు రాయకు. వాళ్ళు అన్నది అన్నట్టే రాయి. చదవగలను.

ఇట్లు,
ఇంకా పిండి కలపని నీ బిడ్డ,
ఊర్మిల