నీమాకు ఇల్లు చూడబోతే

మంగళవారం, మహబూబ్‌నగర్

నా దగ్గర నర్సింగ్ చదువుకునే టాంజానియా అమ్మాయి నీమాకు కిరాయి ఇల్లు చూడటానికి సాయంత్రం తోడు వెళ్ళాను. ఇంటామె ఆమెను గేటు దగ్గరే ఆపి, నాతో అంది: "నీకైతే ఇస్తుంటి బిడ్డా. గీమెను జూస్తే మా పిల్లలు జడుసుకుంటరు."

నేను ఎదురు చెప్పలేదు. ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేశారట అని నీమాకు ఇంగ్లీషులో అబద్ధం చెప్పాను. ఆమె ఇంటామెకు నమస్కారం పెట్టి వచ్చేసింది.

హాస్టల్ ముందు ఆటో దిగాక నీమా, వార్డులో రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగులో మెల్లగా అడిగింది: "మేడం, దవాఖానల పిల్లలకు రోజూ సూదులేస్తున్న గదా. ఒక్కరన్న జడుసుకున్నరా? మీరు చూసిన్రు. ఆమెకెందుకు చెప్పలే?"

ఆటో పోనిమ్మన్నాను. ఇప్పుడు కళ్ళు మూసినా ఆమె అక్కడే నిలబడి ఉంది. రేపు పొద్దున నా మొదటి క్లాసు నీమా వాళ్ళదే.