బ్రెడ్డు కొన్న సాయంత్రం

విరుదునగర్

మునీశ్వరి అక్కకు,

కోవిల్‌పట్టిలో నువ్వూ పిల్లలూ బాగున్నారనుకుంటాను. ఫోనులో అడుగుదామంటే అత్త నా పక్కనుంచి కదలడం లేదు, అందుకే ఈ ఉత్తరం. నువ్వు నర్సువి, ఈ సంగతి నీకే తెలియాలి.

పెళ్ళయినప్పటి నుంచి అత్త నాతో నేరుగా మాట్లాడదు కదా, ఏం కావాలన్నా గోడకు చెబుతుంది. నిన్న పని ముగిశాక శివకాశి ప్రెస్సు నుంచి మా వ్యాను ఆలస్యంగా వచ్చింది. వండే ఓపిక లేక దారిలో బ్రెడ్డు కొన్నాను. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, చీజు పెట్టి దోసెపెనం మీద కాల్చాను. ఉర్లగడ్డలు వేళ్ళలా కోసి, హోటళ్ళలో ఫ్రెంచ్ ఫ్రైస్‌లా వేయించాను.

పళ్ళెం చూడగానే అత్త గోడను మరచిపోయింది. "బ్రెడ్డా? ఎవురికి జొరం? నీకా?" అంటూ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. మన ఇళ్ళలో జ్వరం వస్తే తప్ప బ్రెడ్డు కొనరన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. లేదని చెప్పబోయాను. చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

"రవ్వంత ఉండాది అత్తా" అన్నాను.

వెంటనే వేడి పాలు తెచ్చి, శాండ్‌విచ్‌ని అందులో ముంచి, "నోరు తెరువు, మింగు" అంటూ తినిపించింది. పచ్చిమిరపకాయా చీజూ పాలలో నానితే ఎలా ఉంటుందో ఎప్పుడైనా రుచి చూశావా? నేను మొత్తం తిన్నాను. "ఉర్లగడ్డ జొరానికి కూడదు" అని అవి మాత్రం తనే తినేసింది.

పొద్దున లేవగానే మళ్ళీ నుదురు పట్టి చూసింది. అక్కా, ఒళ్ళు కాలకుండా జ్వరం ఎన్నాళ్ళు ఉండొచ్చు?

నీ చెల్లెలు