యాభై ఆరు మాత్రలు

కుడతిని,
24 ఫిబ్రవరి 2009

ప్రియమైన ఎరిక్ నాన్నకు,
జయశీల వందనాలు.

ఫోనులో చెబితే టిప్పర్ల మోతలో మీరు "ఊ, ఊ" అంటారే తప్ప ఒక్క మాటా గుర్తుండదు. అందుకే రోజూ మీ గనికి వచ్చే జంబన్న జీపులో మాత్రల డబ్బాతో పాటు ఈ ఉత్తరం కూడా యశ్వంతనగర్‌కు పంపుతున్నాను. కాటా దగ్గర కూర్చుని రోజుకు మూడు వందల లారీల బరువు తప్పు లేకుండా రాసే మనిషికి మాత్రల లెక్క చెప్పాల్సి రావడం నాకే విడ్డూరంగా ఉంది. అయినా చెబుతున్నాను.

మొత్తం యాభై ఆరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రేపు భస్మ బుధవారం మొదలుపెడితే మార్చి ఇరవై నాలుగుకు అయిపోతాయి. ఆ తర్వాత పద్నాలుగు రోజులు మందు లేదు, కాలేయానికి విశ్రాంతి. రక్తపరీక్ష చూశాకే రెండో విడత. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు మింగకండి. కళ్లు పచ్చబడితే, జ్వరం వస్తే డాక్టరును అడగకుండా ఇంకొక్కటి కూడా మింగకండి. మీ పక్క మంచం టైటస్ "నాకూ రెండు ఇయ్యన్నా" అంటే ఇవ్వకండి. వాడు తీసుకుపోయి పెళ్లాం చేతిలో పెడతాడు. ఆ పిల్లకు మూడో నెల. గర్భిణులు ఈ మందు మింగకూడదని డబ్బాలోని కాగితంలో ఉంది.

మందుల షాపు గురునాథ్ నవ్వాడు. "ఏందక్కా, పురుగుల మాత్ర ఇంటికి ఒగటి తీసుకుపోతారు. నువ్వు యాభై ఆరు అడుగుతాండావు. కుడతిని అంతా పంచుతావా ఏంది?" అన్నాడు. మీ కాలేయంలో నిమ్మకాయంత నీటితిత్తి ఉందనీ, అది కుక్కల నుంచి వచ్చే పురుగు కట్టిన గూడనీ నలుగురిలో ఏం చెప్పను? ఒక్కోటి పద్నాలుగు రూపాయలు. ఏడు వందల ఎనభై నాలుగు ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. మాత్రలకు లొంగకపోతే ఆపరేషన్ అని డాక్టరు అన్నాడు. ఆపరేషన్ అంటే మన అబ్బాయి ఎరిక్ కాలేజీకి దాచింది పోతుంది. మీరు నెలల తరబడి పనికి పోలేరు. లోపలే పగిలితే ప్రాణానికే ముప్పట.

ఇంకొక సంగతి. ఈస్టరు ముందరి ఈ శ్రమదినాల్లో ఎలాగూ మాంసం ముట్టం. ఈసారి మీ జబ్బు నయం కావాలని ఈస్టరు దాకా మనిద్దరం నూనె, నెయ్యి, గుడ్డు, పాలు కూడా మానేస్తామని మొక్కుబడి చేసుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. మెస్సులో బసవ్వ వండే కూర ముట్టకండి. జొన్నరొట్టె, పుట్నాల పొడి, తిరగమోత లేని పప్పు జంబన్న చేత పంపుతాను.

మీ
జయశీల


కుడతిని,
1 ఏప్రిల్ 2009

ఎరిక్ నాన్నకు,

ఈరోజు వందనాలు కూడా రాయబుద్ధి కావడం లేదు.

సోమవారం మీరు స్కాను తీయించుకుని, రక్తం ఇచ్చి, షిఫ్టు ఉందని పరుగెత్తారు. రిపోర్టులు తీసుకుని ఇవాళ నేనొక్కదాన్నే బళ్లారికి పోయి డాక్టరును కలిశాను. రక్తంలో తేడా ఏమీ లేదు. తిత్తి మాత్రం ఎంత ఉన్నదో అంతే ఉంది. ఒక్క విడతకే మార్పు కనపడకపోవచ్చు అన్నాడు. అంతటితో ఊరుకోకుండా "ఏం తిని మింగుతాండాడమ్మా?" అని అడిగాడు. జొన్నరొట్టె, ఉడికించిన పప్పు అని గొప్పగా చెప్పాను.

పెన్ను కింద పెట్టేశాడు. "మొదటి రోజే మీ ఆయనకి చెప్పితిని కదమ్మా! ఈ మాత్ర నూనో నెయ్యో ఉండే తిండితో మింగితేనే రక్తంలోకి పోతాది. ఒట్టి రొట్టెతో మింగితే శానా మటుకు అట్లే బయటికి పోతాది."

"ఇప్పటి నుంచి రెండేసి మింగితే సరిపోతుందా సార్?" అని అడిగాను. "ఏం, ఉండే లివరు కూడా పోవల్లనా?" అన్నాడు. బయట బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ మొదటి రోజు మీరు లోపల ఉన్నప్పుడు నేను కౌంటరు దగ్గర స్కాను రసీదు కోసం తగవు పెట్టుకుంటున్నాను. ఆ మాట నా చెవిన పడలేదు. మీ చెవిన పడింది. నెల రోజులు నేను పంపిన ఎండు రొట్టెతో ఆ మాత్రలు మింగి, ఖాళీ రేకులు నేను చెప్పినట్టే లెక్కగా తిప్పి పంపారు. తిత్తి మారలేదని వినగానే, మీరు మాత్రలు ఎవరికో పంచిపెట్టారని అనుమానపడ్డాను. అలా చేసి ఉన్నా నాకింత బాధ ఉండేది కాదు.

మొక్కుకున్నది నేను. రొట్టె కాల్చింది నేను. మీకు నయం కావాలని చేసిన పని చేతులారా మీ మందును చెడగొట్టిందని తెలిశాక నేను ఎవరి మీద అరవాలి? ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? జవాబు రాయండి. "ఊ" అని కాదు.

జయశీల


కుడతిని,
7 ఏప్రిల్ 2009

ఎరిక్ నాన్నకు,

కాటా చీటీ వెనక మీరు రాసి పంపింది చదివాను. "నువ్వు దేవునికి మాట ఇచ్చినావు. నేను నూనె తింటే నీ మాట పోతుంది. మాత్ర పని చేయకపోయినా నీ మొక్కుబడి పని చేస్తుంది అనుకొంటిని." పాతికేళ్లుగా నేను చెప్పిన ఏ పనీ తిన్నగా చేయని మనిషి, వినకూడని ఈ ఒక్కటీ విన్నారు. ఏడుపు వచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారిని అడిగాను. ఆయన చాలాసేపు బైబిలు తిరగేసి, "నీ మొక్కుబడికి నీ భర్తను కట్టేసే హక్కు నీకు యాడిదమ్మా?" అన్నారు. నాకు అది పూర్తి జవాబు అనిపించలేదు. దేవునికి ఇచ్చిన మాట తప్పుతున్నానన్న భయం ఇంకా ఉంది. రాత్రి ప్రార్థనలో, మీ వంతు తీసేస్తున్నాననీ, నా వంతు ఈస్టరు దాకా నేనే నడుపుతాననీ చెప్పుకున్నాను. ఏ జవాబూ వినపడలేదు. అయినా పొద్దునే లేచి పొయ్యి మీద నూనె పెట్టాను.

వేరుశెనగ విత్తులు వేయిస్తుంటే పక్కింటి యూనీసక్క గోడ మీద నుంచి తొంగి చూసింది. "ఏం జయమ్మా, శ్రమల వారంలో నూనె వాసన! మీ ఆయన ఊర్లో లేడని నువ్వే లాగిస్తాండావా?"

"ఆయనకేలే అక్కా. దేవునికి రాత్రే చెప్పినా, నీకు ఇప్పుడు చెప్తాండా."

"నాకు చెప్పినావంటే సంఘానికంతా చెప్పినట్లేలే," అని నవ్వుకుంటూ పోయింది. చెప్పుకోనివ్వండి.

డాక్టరు రెండో విడతకు సరే అన్నాడు. యాభై ఆరు మాత్రలు మళ్లీ కొన్నాను. ఈసారి గురునాథ్ నవ్వలేదు. రేపు బుధవారం మొదలు. రాత్రి పూటకు బసవ్వ కూర కడుపు నిండా తినండి, నూనె తక్కువైతే అడిగి వేయించుకోండి. రేపు పొద్దున మొదటి మాత్రకు మాత్రం మిమ్మల్ని నమ్మను. ఈ ఉత్తరం ఇవాళ జంబన్న తెచ్చి ఇస్తాడు. రేపు తెల్లవారే అదే జీపులో శెనగవిత్తుల కారం, ఆరు గుడ్లు, ఒక నూనె సీసా పెట్టుకుని నేనే వస్తున్నాను. బసవ్వ పొయ్యి మీద గుడ్డు వేయించి పెడతాను. మీరు తిని, నా ఎదుటే మాత్ర మింగండి.

ఆ తర్వాత పోట్లాడతాను. షిఫ్టు ఉందని పారిపోకండి.

కోపం ఇంకా తగ్గని
మీ జయశీల