వాగు మూతికి ఇనుప ఊచలు

లాస్ అనాకువాస్,
ఆగస్టు, ఆదివారం

చిరంజీవి తమ్ముడు నికనోర్‌కు,

అక్క ఎర్లిండా దీవించి రాస్తున్నది. గ్వాదలూపే మాత దయవల్ల అమ్మ, నేను, మీ బావ అమదేవ్, పిల్లలు అందరం ప్రాణాలతో ఉన్నాం. క్షేమమని ఎందుకు రాయలేదో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. శిక్షణలో దెబ్బతిన్న నీ మోకాలు ఎలా ఉంది? అమ్మ పంపిన తైలం రాసుకుంటున్నావా, పెట్టెలోనే దాచావా?

మేకల గురించి అడిగావు. నల్లది ఈనింది, పిల్ల బాగుంది. అగ్నిమాపక దళానికి పడవ వచ్చిందా అని కూడా అడిగావు. రాలేదు. ఇక రాదు. ప్రభుత్వం ఇచ్చే భద్రతా నిధితో పడవ, వరద సైరన్ కొంటానని మన కౌంటీ పెద్ద ట్రెవీన్యో చర్చి మెట్ల మీద మాటిచ్చాడు కదా. వసంతంలో సభ పెట్టి, ఆ డబ్బంతా నది ఒడ్డున కట్టే సరిహద్దు కంచెకే పెడుతున్నామన్నాడు. పక్కింటి ముసలావిడ డోన్యా కసీల్దా లేచింది.

"కంచె ఎక్కడ కడతావయ్యా? వాగు నదిలో కలిసేచోట, దాని మూతికి అడ్డంగానా?"

"అవునమ్మా. దొంగలొచ్చే దారి అదే కదా."

"నీళ్లు పోయే దారీ అదే నాయనా."

"గేట్లు పెడతాం. వానొస్తే తీస్తాం."

"ఎవరు తీస్తారు?"

"అధికారం ఉన్నవాళ్లు."

"సరే. మా ఇళ్లు మునిగేటప్పుడు నీ అధికారం ఈదుకుంటూ వస్తుందేమో చూస్తాలే" అని కూర్చుంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ కంచె దగ్గరే మీ బావకు వెల్డింగ్ పని దొరికింది. నేను వద్దన్నాను. "నేను కాకపోతే ఇంకోడు చేస్తాడు. నేనైతే గేట్లు సరిగ్గా తెరుచుకునేలా పెడతా" అన్నాడు. పెట్టాడు కూడా. పని ముగిశాక ఎవరో వచ్చి వాటికి గొలుసులు బిగించి తాళంచెవులు పట్టుకుపోయారు.

జూలైలో పడిన చిన్న వానకే చెట్ల కొమ్మలు, పాత టైర్లు, చచ్చిన దూడ ఒకటి ఊచలకు అడ్డం పడ్డాయి. నీళ్లు వెనక్కి తిరిగి మన వీధి అంచు దాకా వచ్చి ఆగాయి. మీ బావ కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, గేట్లు తీయడానికి పైనుంచి ఉత్తర్వు రావాలన్నారు. ఆ బురద ఆరకముందే తుఫాను వచ్చింది.

నికనోర్, ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు, అందుకే రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం మన వంటింట్లో నీళ్లు మోకాళ్లు దాటాయి. పిల్లల్ని, అమ్మను చర్చిలో వదిలి, గ్యాస్ కటర్ తీసుకుని వాగు దగ్గరికి వెళ్లాం. నడుము లోతు నీళ్లలో మంట మీద వాన పడకుండా నేను టార్పాలిన్ పట్టుకున్నాను, మీ బావ తను వెల్డింగ్ చేసిన గేటునే కోశాడు. గేటు విరిగినప్పుడు అతని రెండు వేళ్లు నలిగిపోయాయి. నీళ్లు నదిలోకి దూకాయి. వీధి నీళ్లలోంచి తేలింది.

డోన్యా కసీల్దా మాత్రం తన మంచం పక్కనే దొరికింది. ముందే కోయాల్సింది. ఆ పొద్దున్నంతా ఫోన్ దగ్గర ఉత్తర్వు కోసం కూర్చున్నాం.

ఆమె అంత్యక్రియల్లో ట్రెవీన్యో మాట్లాడాడు. కంచెను స్మగ్లర్లు కోసేశారని, అంటే ఎంత ప్రమాదంలో ఉన్నామో చూడమని అన్నాడు. అది చూపించే, అత్యవసరమంటూ మళ్లీ భద్రతా నిధి తెచ్చాడు. ఈసారి గేట్లు లేకుండా, ఊచల బదులు ఇనుప పలకలు వేస్తారట. ఆ రోజు అతని ప్రసంగాన్ని మీ బావ కట్టు కట్టిన చేతిని జేబులో దాచుకుని విన్నాడు. బయటికొచ్చాక, "కోసింది నేనేనని చెప్పేస్తా" అన్నాడు. "పిల్లల్ని ఎవరు సాకుతారు?" అన్నాను. నోరు నొక్కింది నేనే.

నిన్ను మన ఊరికే వేస్తున్నారని అమ్మ సంబరపడుతోంది. సరిహద్దు గస్తీలోకి కొత్తగా వచ్చేవాళ్లకు మొదటి పని ఆ కంచె కోసినవాళ్లను పట్టుకోవడమేనట. నిన్ను అబద్ధమాడమని అడగను. యూనిఫాం వేసుకుని మన గడపలోకి వచ్చినప్పుడు, మీ బావ చేయి చూసి ఏమైందని అడగకముందే నీకు తెలిసి ఉండాలని రాశాను. ఆ తర్వాత నీ ఇష్టం.

మన గల్ఫ్ సముద్రంలో మరో తుఫాను పుట్టిందని రేడియోలో చెప్పారు. ఆదివారమైనా వాగు దగ్గర పని ఆపలేదు. ఇనుము మీద సుత్తి దెబ్బలు ఇక్కడికి వినిపిస్తున్నాయి.

ఇట్లు,
నీ మేలు కోరే
అక్క ఎర్లిండా