ఊపిరికో చుక్క

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. ఇక్కడ మీ అక్క క్షేమం. నేనూ, కారూ క్షేమమని రాయడానికి మాత్రం చేయి రావడం లేదు.

పోయినేడు వచ్చినప్పుడు నీ వర్క్‌షాపులో చేసిన ఆయిలర్ సీసా ఒకటి తెచ్చి, మన పెద్దావిడకు, అదే మన పాత కారుకు, ఇంజను పక్కన బిగించి వెళ్లావు. ఇప్పటి పెట్రోలు పాత ఇంజన్లకు పడదనీ, వాల్వులు ఎండి అరిగిపోతాయనీ, సీసాలోంచి చుక్క చుక్క నూనె పెట్రోలుతో పాటు లోపలికి పోతుంటే అవి పది కాలాలు ఉంటాయనీ పెద్ద ఉపన్యాసమే ఇచ్చావు. వాల్వుల సంగతి దేవుడెరుగు, వెనక గొట్టంలోంచి నీలం పొగ. మొదట్లో సన్నగా ఉండేది. ఇప్పుడు నేను వీధి మలుపు తిరిగిపోయాక కూడా పొగ మన గుమ్మం ముందే నిలబడి ఉంటోంది. ఎదురింటి టైలరు తెల్ల గుడ్డలు బయట ఆరేయడం మానేశాడు.

వచ్చే నెల పాత బళ్ల తనిఖీ. పొగ వదిలితే రోడ్డెక్కనివ్వరు, తుక్కు కిందే అమ్ముకోవాలి. పెళ్లయిన కొత్తలో కొన్న బండి. అది పోయాక నేను పొద్దున్నే లేవడానికి కారణం ఏమీ కనిపించడం లేదు. ఈ మాట సరదాకు రాయడం లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: మీ అక్క మాత్రం సంతోషంగానే ఉంది. పొగకు దోమలు పోయాయట.


బావగారికి,

నమస్కారాలు. నీలం పొగ అంటే ఇంజను నూనె ఎక్కువ తాగుతోందని అర్థం. చుక్కల వేగం మార్చే సీసా మీది మర మీరు తిప్పి ఉంటారు. మీ చేతి చలవ నాకు తెలియనిది కాదు. మీరు బాగుచేసిన గోడ గడియారం అక్క ఇంట్లో ఇప్పటికీ శోభగానే ఉంది, నడవడం ఒక్కటే మానేసింది.

అలాంటి సీసాలు నా దగ్గర ఎంతమందో తీసుకెళ్లారు. ఒక్కరూ ఇలా ఉత్తరం రాయలేదు. మరను కాస్త బిగించి చూడండి. బండి దక్కుతుంది, మన బంధుత్వమూ దక్కుతుంది.

విధేయుడు,
మీ బావమరిది

తా.క.: మందయినా మోతాదు మించితే విషమే. దోమల కోసం అక్కకు వేరే ఏర్పాటు చేస్తాను.


బావమరిదికి,

ఈసారి ఆశీస్సులు కొంచెమే.

మర తిప్పానా? తిప్పాను. తిప్పమన్నది నువ్వే. చలికి నూనె చిక్కబడుతుంది, ఎండకు పలచబడుతుంది, వారం వారం సరిచూసుకోండి అన్నావు. ఆ రోజు చేతిగడియారం మర్చిపోయి వచ్చి, ఇంట్లో గడియారం నడవదని తెలిసి, నువ్వు చెప్పిన పద్ధతే నేటికీ తప్పలేదు. బానెట్ ఎత్తి, ఇంజను ఆన్ చేసి, ముక్కాలిపీట మీద సీసాకు ఎదురుగా కూర్చుంటాను. లోపలికి ఒక ఊపిరి, సీసాలో ఒక చుక్క. ఊపిరికంటే నమ్మకమైన గడియారం లేదని అన్నది ఎవరు?

అసలు సంగతి చెబుతాను విను. వారం వారం మర ఇంకొంచెం వదులు చేస్తే గాని నీ చుక్క నా ఊపిరిని అందుకోలేకపోతోంది. అంటే నీ సీసాకు దమ్ము తగ్గింది. అమ్ముడుపోని సరుకు బావగారికి అంటగట్టావన్నమాట. పార్సిల్లో వెనక్కి పంపుతున్నాను. కళ్లు పెట్టుకుని చూడు.

ఇట్లు,
మోసపోయిన బావ

తా.క.: మన మేడమెట్లు ఎత్తు పెరిగాయి. మధ్యలో ఆగి, కట్టిన మేస్త్రీని నాలుగు తిట్టుకుంటే గాని పైకి చేరలేకపోతున్నాను. ఈ లోకంలో ఒక్క వస్తువూ సరిగా ఉండటం లేదు.


బావగారికి,

నమస్కారాలు. సీసాను బల్ల మీద పెట్టి పొద్దంతా పరీక్షించాను. లక్షణంగా ఉంది. నా పనివాళ్లందరికీ చూపించాను, వాళ్లూ అదే అన్నారు. అయినా మీ అనుమానం తీరాలని, ఇవాళే తయారైన కొత్త సీసా పంపుతున్నాను. ఇది కూడా బాగాలేదంటే, ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మీకోసమే పుట్టిందని అనుకోవలసి వస్తుంది.

అమ్ముడుపోని సరుకు అన్న మాట మాత్రం గుచ్చుకుంది. అక్క ముఖం చూసి ఊరుకుంటున్నాను.

విధేయుడు,
బావమరిది

తా.క.: మెట్లు పెరగవు బావగారూ. మీరే తరిగి ఉంటారు.


అయ్యా,

కొత్త సీసా బిగించాను. దాని ముందూ అలాగే కూర్చున్నాను. పాతదానికంటే ఇదే అన్యాయం. మర ఇంచుమించు ఊడివచ్చేదాకా తిప్పితే అప్పుడు కుదిరింది ఊపిరికో చుక్క.

ఇవాళ తనిఖీకి వెళ్లాను. ఇంజను ఆన్ చేయగానే ఇన్‌స్పెక్టరు కనిపించకుండా పోయాడు. పొగ తేలాక చూస్తే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే ఉన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇంకొక్క అవకాశం ఇచ్చాడు, అదీ నా వయసు చూసి. నడిపి తీసుకెళ్లనివ్వకపోతే తాడు కట్టించి లాక్కొచ్చాను. షెడ్డులో స్టీరింగు ముందు కూర్చుని ఏడ్చాను. మీ అక్క చూడలేదు.

ఇక నాకు బావమరిది లేడు. జవాబు రాయనక్కర్లేదు.

ఇట్లు,
ఒకప్పటి మీ బావ

తా.క.: చెప్పులు కూడా సాయంత్రానికి బిగుసుకుపోతున్నాయి. దిండ్లలో దూది కుంగిపోయింది, ఎన్ని పేర్చుకున్నా వెల్లకిలా పడుకోలేక కుర్చీలోనే తెల్లవారుస్తున్నాను. ఈ కాలం సరుకంతా ఇంతే. నీ సీసా ఒక్కదాన్నే అని లాభం లేదు. అయినా అంటున్నాను.


బావా,

జవాబు రాయవద్దన్నారు. రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి కోపంతో బల్ల మీద పడేశాను. కాసేపటికి మళ్లీ తీసి తా.క. చదివాను. తర్వాత పాత ఉత్తరాలు కూడా తీసి తా.క.లే చదివాను. పనివాళ్లు నా ముఖం చూసి మెషిన్లు ఆపేశారు.

రెండు సీసాలూ మంచివే. మీ చేయీ మంచిదే. మీ ఊపిరికే వారం వారం వడి పెరుగుతోంది. దాన్ని అందుకోవాలని మీరు మర వదులు చేస్తూ పోయారు. అంత నూనె పోస్తే ఏ ఇంజనైనా పొగే వదులుతుంది. పాదాలు వాస్తున్నాయి, పడుకుంటే గాలి ఆడటం లేదు, మెట్లెక్కలేకపోతున్నారు. మీరేమో చెప్పులనూ, దిండ్లనూ, మేస్త్రీనీ, నన్నూ తిడుతున్నారు.

ఈ ఉత్తరం అందగానే అక్కను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. బండి సంగతి తర్వాత. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను, బతికుండి తిట్టండి. నాకు చాలా భయంగా ఉంది బావా.

మీ బావమరిది

తా.క.: ఈసారి ఇక్కడ నవ్వడానికి ఏమీ లేదు. మేడ ఎక్కకండి.


చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. బాకీపడ్డవి కూడా కలిపి.

ఆసుపత్రి మంచం మీదనుంచి రాస్తున్నాను. గుండె బలహీనపడిందట. మళ్లీ కొత్తది కాదట, మందులు వేళకు పడితే నెట్టుకొస్తుందట. ఎంతకాలమో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడుగుదామని నోరు తెరిచి, మంచినీళ్లు కావాలన్నాను. నాకూ భయంగానే ఉంది.

బండి తనిఖీలో నెగ్గింది. మీ అక్క సీసా ముందు పీట వేసుకుని, తన ఊపిరికి మర బిగించింది. టైలరు నడిపి తీసుకెళ్లాడు. తిరిగి వస్తూ ఈ కిటికీ కిందనుంచి తోలాడు. పొగ లేదు. పోల్చుకోలేకపోయాను. ఇక నన్ను స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. ఆ మాటకు మీ అక్క ఏడ్చింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

జబ్బు ఎప్పటినుంచి అని డాక్టరు అడిగితే నేను ఏమీ లేదనే అన్నాను. మీ అక్క నీ ఉత్తరాలు ఆయన చేతిలో పెట్టింది. నిలబడే అన్నీ చదివాడు. చదివి, అలాంటి పాత బండే తన షెడ్డులోనూ ఉందనీ, వాల్వులు గోల పెడుతున్నాయనీ అన్నాడు. ఇప్పుడు రౌండ్లకు వస్తే ముందు ఆయిలర్ గురించి అడిగి, తర్వాత నాడి చూస్తున్నాడు. తనకూ ఒకటి చేయించాలట. నా ఊపిరి కుదుటపడ్డాక నేనే వెళ్లి మర సరిచేయాలట, ఇంకొకరి చేతికి ఇవ్వడట.

ఇట్లు,
ఎప్పటికీ మీ బావ

తా.క.: సీసా వెంటనే పంపకు. నీకు చేతనైనంత ఆలస్యం చెయ్యి. అది వచ్చి, బిగించి, చుక్క కుదిరేదాకా నన్ను పోనివ్వనని ఆయన మాటిచ్చాడు.