పసుపు గిన్నె మీది మచ్చ

మార్చి 11, మంగళవారం ఉదయం

చిరంజీవి పిచ్చుకకు, అన్నయ్య దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు వేసిన అమ్మ బొమ్మ ఫోటో నిన్న అందాయి. యాభై నాలుగేళ్లొచ్చినా నీ రాత ఇంకా కోడిగీతలే. ఈసారి మరీ అన్యాయం, సగం అక్షరాలు రాశావో మింగేశావో తెలియలేదు. చివరి వాక్యం మాత్రం తంటాలుపడి చదివాను. అమ్మ ముఖం మీద బూడిద మచ్చ వేశా అన్నయ్యా, అని రాశావు. ఫోటో చూశాను. నిజంగానే వేశావు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మచ్చకు పేరు తెచ్చిందే నేను, కాదనను. రెండేళ్ల కిందట ఒక కొత్త చిత్రకారిణి ప్రదర్శనకు వెళ్లాను. బల్ల మీద పసుపు గిన్నె బొమ్మ. గిన్నె నడిమధ్య బొటనవేలంత బూడిదరంగు మచ్చ. సూటిగా చూస్తే గిన్నెను తినేస్తోంది, ఓరగా చూస్తే గిన్నె బయటపడుతోంది. ముప్ఫై ఏళ్లుగా బొమ్మలు చూసి చూసి విసిగిపోయినవాణ్ణి, అక్కడే నిలబడిపోయాను. ఈ చిత్రాన్ని ఓరగా చూడాలి అంటూ ఆదివారం పత్రికలో పేజీ నిండా ఆ మచ్చ గురించే రాశాను. ఆ అమ్మాయి ఫోన్ చేసి, చాలా సంతోషమండీ అంది. ఇంకేదో అడగబోయి మానేసినట్టు అనిపించింది.

తర్వాతి ప్రదర్శనలో ఆమె వేసిన పన్నెండు బొమ్మల్లోనూ మచ్చ. ఆర్నెల్లు తిరిగేసరికి ఊళ్లో ఏ గ్యాలరీకి వెళ్లినా అదే. కుర్చీ మీద, గుర్రం మీద, సముద్రం మీద. మొదట మురిసిపోయాను. నేనొక మాట రాస్తే ఇంతమంది కుంచె మార్చుకున్నారంటే తక్కువ సంగతా? కానీ పిచ్చుకా, అది పెరుగుతోంది. బొటనవేలంత ఉన్నది అరచేయంత అయింది. అందరూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఎలా పెంచుతున్నారో అర్థం కాదు. మొన్న మ్యూజియంలో వందేళ్ల నాటి బొమ్మ మీద కూడా కనిపించింది. ఎవరు పాడుచేశారయ్యా అని కాపలా మనిషి మీద కేకలేశాను. అతను బొమ్మనూ నన్నూ మార్చి మార్చి చూసి, కుర్చీ వేసి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఎందుకో నాకు భయం వేసింది.

ఫ్రేములు కట్టే ఆయన నీకు తెలుసుగా, నా పాత నేస్తం. ఈమధ్య ఆయన కట్టేవన్నీ వంకరే. మొహమాటం లేకుండా చెప్పేశాను. ఆయన తాపీమేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి ఫ్రేము మీద పెట్టి, బుడగ సరిగ్గా మధ్యలోనే ఉందండీ, చూడండి అన్నాడు. నాకు బుడగే కనపడలేదు. పనిముట్టు పాడైపోయిందన్నాను. ఆ ఫ్రేములోని పడవల బొమ్మ మీద మచ్చ చూపిస్తే, ఏ మచ్చండీ అని అడిగాడు. పాపం, వయసు మీదపడి చూపు మందగించినట్టుంది.

ఇక అసలు మాట. ఎవరి బొమ్మకు ఎవరేం పూసుకున్నా నాకనవసరం, అమ్మ ముఖం జోలికి మాత్రం రావద్దు. అమ్మ ఏనాడూ ఫోటోకి నిలబడలేదు. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని నువ్వు గీసుకున్న ఆ ముఖమే మనకు మిగిలింది. ఇరవై ఒకటిన నీ ప్రదర్శన మొదలయ్యేలోగా ఆ మచ్చ తుడిచెయ్యి. పెద్దవాణ్ణి, నా మాట విను.

బావకు నమస్కారాలు.

నీ మేలు కోరే
అన్నయ్య

తా.క. గురువారం. ఉత్తరం కవరులో పెట్టబోతుంటే ఫ్రేముల ఆయన వచ్చాడు. ఆయన కళ్లను పరీక్షిద్దామని నీ ఉత్తరం చేతికిచ్చి చదవమన్నాను. గడగడా చదివేశాడు. నువ్వు రాసింది వేశా కాదట, వేయనా అట. ఫోటోలో ఏముందని అడిగాను. మచ్చా గిచ్చా ఏమీ లేదు, అమ్మగారు నవ్వుతున్నారండీ అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మచ్చ నా రెండు కళ్లలోనూ ఉందట. రెండేళ్లకు పైనే అయి ఉంటుందట, ఇంకా పెరుగుతుందట. పసుపు గిన్నె మీద ఏమీ లేదు పిచ్చుకా, ఎప్పుడూ లేదు. ఈ ఆదివారం పత్రికలో ఆ సంగతే రాస్తాను. నా పేరుకు మచ్చ పడితే పడనీ.

నీకు ఫోన్ చేద్దామని నంబరు సగం నొక్కి పెట్టేశాను. నువ్వు మాత్రం ఆ మచ్చ వేయకు. ఇరవై ఒకటిన వస్తాను, నన్ను అమ్మ బొమ్మ ముందు నిలబెట్టు. నువ్వు పంపిన ఫోటోను ఓరగా చూస్తే చెవి, కాస్త జుట్టు కనపడుతున్నాయి. అమ్మ నోరు మూసుకుని నవ్వుతోందా, పళ్లు కనపడేలా నవ్వుతోందా అని ఫ్రేముల ఆయన్ని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.