తమ్ముడు చెప్పిన పేర్లు

మంగళవారం, తాకేటా, రంగూన్

దెయ్యమట, దెయ్యం! లాకప్ నుంచి వచ్చాక తమ్ముడికి నిద్ర లేదని అమ్మ ఇవాళ మంత్రగాణ్ణి పిలిపించింది. అతను మిరపకాయల పొగ పెట్టి, వీపు చీరుకుపోయేలా వేపమండలతో కొట్టాడు. వాడి చేతులు పట్టుకున్నది నేనే.

"ఎవుడివిరా నువ్వు? పేరు సెప్పు!"

"కో మిన్... కో జో... మా తిరి..." అన్నాడు తమ్ముడు.

"సూడమ్మా, ఒకటి కాదు, మూడున్నాయి!"

అమ్మ దండం పెట్టింది.

అవి దెయ్యాల పేర్లు కావు, వాడి స్నేహితులవి. లాకప్‌లో దెబ్బలకు కూడా ఇలాగే చెప్పి ఉంటాడు. వాణ్ణి లోపలేసిన మర్నాడే పోలీసులు ఆ ముగ్గురినీ పట్టుకుపోయారు.

"ఇంకా ఎవులున్నార్రా?" మళ్ళీ దెబ్బ.

తమ్ముడు నా కళ్ళలోకి చూస్తూ నా పేరు చెప్పాడు.

అప్పుడు గానీ నేను వాడి చేతులు వదల్లేదు.